పిల్లల్ని వెంటేసుకుని, రెండు కుటుంబాలు కలిసి కోనసీమలో మూడు రోజుల నడక

వీపున బ్యాగు తగిలించుకుని చిన్నపిల్లలతో నడవాలంటే కొండలే ఎక్కాలని లేదు. గోదావరి డెల్టాలో ఎత్తుపల్లాలు లేవు. కాలవ గట్టు పట్టుకుంటే అయిదేళ్ల పిల్లాడు కూడా ఆయాసపడకుండా నడుస్తాడు. కాస్త నడిస్తే ఊరొస్తుంది, ఊళ్లో కొబ్బరి బొండాలు దొరుకుతాయి, కాళ్లు పీకితే ఆటో పిలవచ్చు.

జాగ్రత్తంతా నీళ్ల దగ్గరే. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక ఈ నేల మీద కాలవలు, బోదెలు, మురుగు కాలవలు అల్లుకుపోయాయి. వాటికి తోడు ప్రతి ఊళ్లో చెరువు, గౌతమి, వసిష్ఠ, వైనతేయ పాయలు, చివర్లో సముద్రం. ఏ దారిన వెళ్లినా నాలుగడుగులు పక్కకేస్తే నీళ్లే. రెండో ప్రమాదం మనుషులతో వస్తుంది. రెండు కుటుంబాలు కలిసినప్పుడు పిల్లల్ని అందరూ చూస్తున్నారులే అని ఎవరికివారు అనుకుంటారు, అలా ఎవరూ చూడని నిమిషాలు పుట్టుకొస్తాయి. కింద రాసిన ఏర్పాట్లన్నీ ఈ రెండింటి చుట్టూనే తిరుగుతాయి.

ఎవరితో వెళ్లాలి

రెండు కుటుంబాలైతే బాగుంటుంది, మూడు మించకూడదు. నాలుగో కుటుంబం చేరితే ఒక ఆటోలో పట్టరు, ఒక గదిలో వంట కుదరదు, ఎక్కడ ఆగాలో తేల్చుకోవడానికే పూట గడిచిపోతుంది. అయిదేళ్ల లోపు పిల్లలు ఎంతమంది ఉంటే అంతమంది పెద్దవాళ్లు చేతులు ఖాళీగా ఉండాలి. నలుగురు పెద్దలు, నలుగురు పిల్లలు, అందులో అయిదు దాటనివాళ్లు ఇద్దరు అనుకుందాం. మిగతా లెక్కలన్నీ దీని మీదే చెబుతున్నాం.

పిల్లల వయసుల్లో మరీ తేడా ఉండకూడదు. నాలుగేళ్లవాడూ పదేళ్లవాడూ కలిస్తే పెద్దవాడు ముందుకు పరిగెడతాడు, చిన్నవాడు ఏడుస్తూ వెనకపడతాడు, పెద్దవాళ్లు అటూ ఇటూ చీలిపోతారు.

బయల్దేరడానికి రెండు వారాల ముందు ఒక పూట కూర్చుని కొన్ని సంగతులు మొహమాటం లేకుండా మాట్లాడుకోండి. మీ పిల్లాడు గట్టు దిగబోతుంటే నేను కేకలేయొచ్చా? ఫోను ఎంతసేపు ఇస్తాం? చాక్లెట్లు ఒకరి పిల్లలకి కొని ఇంకొకరికి వద్దంటే ఎలా? ఎవరికి ఏది పడదు? పల్లీలు, గుడ్డు, రొయ్యలు పడనివాళ్లుంటే కాగితం మీద రాసుకోండి. కేకలేసే విషయంలో మాత్రం మొహమాటం పనికిరాదు. నీళ్ల దగ్గర ఎవరి పిల్లలనైనా ఎవరైనా ఆపొచ్చు, చెయ్యి పట్టుకుని లాగొచ్చు. దీనికి ఒప్పుకోని కుటుంబంతో ఈ ప్రయాణం పెట్టుకోకండి.

డబ్బుకి ఒకే పర్సు పెట్టండి. ముందే ఇద్దరూ సమానంగా వేసి, ఆటోకీ టిఫినుకీ గదికీ అందులోంచే తీయండి. బొమ్మలు, సొంత కొనుగోళ్లు ఎవరివి వాళ్లవి.

ఎప్పుడు వెళ్లాలి

సంక్రాంతి సందడి తగ్గాక, జనవరి ఆఖరి వారం నుంచి ఫిబ్రవరి నెలాఖరు దాకా అన్నిటికన్నా మంచి కాలం. ఎండ ముదరదు, కాలవలు నిండుగా ఉంటాయి, దాళ్వా (రెండో పంట వరి) నాట్లు పడి చేలు పచ్చబడుతుంటాయి. సంక్రాంతి మూడు రోజులూ వద్దు. గదులు దొరకవు, ఆటోలు దొరకవు, కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం వైపు రోడ్లు కిటకిటలాడతాయి. అంతర్వేదిలో లక్ష్మీనరసింహస్వామి కల్యాణం మాఘ శుద్ధ దశమి రాత్రి, రథోత్సవం మర్నాడు భీష్మ ఏకాదశి నాడు. ఆ ఏకాదశి ఏ తారీఖున పడిందో పంచాంగంలో చూసుకుని, దానికి ముందూ వెనకా మూడు రోజులు వదిలేయండి. చిన్నపిల్లలతో ఆ జనంలోకి వెళ్లే పని లేదు.

జూలై నుంచి సెప్టెంబరు దాకా వరద కాలం. ధవళేశ్వరం బ్యారేజి దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది ఇస్తారు. మొదటి హెచ్చరిక వచ్చిందంటే మీ ప్రయాణం వాయిదా వేసుకోవాలి. ఏటి మధ్య లంక ఊళ్ల కాజ్‌వేలు మునుగుతాయి, పంట్లు (మనుషుల్నీ వాహనాల్నీ ఏరు దాటించే బల్లకట్లు), పడవలు ఆపేస్తారు. అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం. 1996 నవంబరు 6న తీరం దాటిన తుపాను కోనసీమ కొబ్బరిని ఎలా పడగొట్టిందో ఇక్కడ పెద్దవాళ్లెవరిని అడిగినా చెబుతారు. ఏప్రిల్లో కాలవలకి నీళ్లు ఆపేస్తారు. నీళ్లు లేవు కదా అని పిల్లల్ని కాలవలోకి దించితే పైన ఎండిన పెచ్చు కింద బురద మోకాలు దాకా దిగుతుంది, పగిలిన సీసాపెంకులు కూడా ఉంటాయి.

ముందుగా ఒక ఆదివారం

ప్రయాణానికి వారం ముందు, మీ ఊళ్లోనే, నిజంగా మోయబోయే బ్యాగులతో 3 కిలోమీటర్లు నడిచి చూడండి. కొత్త బూట్లు ఎక్కడ కొరుకుతున్నాయో, ఏ బ్యాగు పట్టీ భుజాన్ని కోస్తోందో, ఎవరి పిల్లలు ఎన్ని నిమిషాలకి ఎత్తుకోమంటారో అక్కడే తెలుస్తుంది. అయిదేళ్ల లోపువాళ్లకి రోజుకి 3 కిలోమీటర్లు చాలు, అదీ పొద్దున ఒక ముక్క, సాయంత్రం ఒక ముక్క. ఆరు నుంచి ఎనిమిదేళ్లవాళ్లు 6 కిలోమీటర్ల దాకా నడుస్తారు. ఆగడాలు, పువ్వులు కోయడాలు, పీతల బొరియలు చూడడాలు అన్నీ కలిపి కిలోమీటరుకి 40 నిమిషాలు వేసుకోండి. పెద్దవాళ్ల నడకతో లెక్కేస్తే చీకటి పడేటప్పటికి గట్టు మధ్యలో ఉంటారు. జనవరిలో ఆరు గంటలకల్లా పొద్దు గుంకిపోతుంది, అయిదింటికే గూడు చేరేలా చూసుకోవాలి.

బ్యాగుల్లో ఏం పెట్టాలి, ఎవరు మోయాలి

పిల్లాడి బ్యాగు వాడి బరువులో పదో వంతు దాటకూడదు. 18 కిలోల పిల్లాడికి 1.8 కిలోలు. అర లీటరు నీళ్ల సీసా, స్వెటరు, ఒక బిస్కెట్ ప్యాకెట్టు, నచ్చిన బొమ్మ ఒకటి, ఈల. ఇవే కిలోంపావు తూగుతాయి, ఇక ఆపేయండి. పెద్దవాళ్లకి బరువులో అయిదో వంతు. 60 కిలోల మనిషి 12 కిలోలు. పిల్లని వీపు క్యారియర్లో మోసే మనిషి లెక్క వేరు. 14 కిలోల పిల్ల, 3 కిలోల క్యారియరు, అక్కడికే 17 అయింది. వాళ్ల బట్టలు, నీళ్లు మిగతా ముగ్గురూ పంచుకోవాలి. ఈ సంగతి బయల్దేరే ముందే తేల్చుకోకపోతే మొదటి రోజు మధ్యాహ్నానికి ఆ మనిషి నడుము పట్టేస్తుంది.

రెండు కుటుంబాలూ అన్నీ రెండేసి తెచ్చుకోవడం మామూలుగా జరిగే పొరపాటు. మందుల సంచి ఒకటి, వంట సామాను ఒకటి, బరకం (టార్పాలిన్) ఒకటి, టార్చిలైట్లు రెండు. దోమతెర, తువ్వాలు, మంచినీళ్ల సీసా మాత్రం ఎవరివి వాళ్లవి.

పిల్లలందరికీ ఒకే రంగు టోపీలు, చొక్కాలు కొనండి. నారింజ రంగు గానీ ముదురు పసుపు గానీ అయ్యుండాలి. నీలం, ఆకుపచ్చ, బూడిదరంగు వద్దు. ఇక్కడి కాలవల్లో నీళ్లు మట్టిరంగువి, గట్లన్నీ పచ్చగడ్డి. అవసరం పడిన ఆ కొన్ని సెకన్లలో నీలం చొక్కా కంటికి ఆనదు. చొక్కా లోపలివైపు ప్లాస్టరు ముక్క అంటించి దాని మీద ఇద్దరి ఫోను నంబర్లు రాయండి.

కాళ్లకి వెనక పట్టీ ఉన్న శాండల్స్ చాలు. హవాయి చెప్పులు ఒండ్రు మట్టిలో ఊడిపోతాయి, బూట్లు తడిస్తే మర్నాటికి కూడా ఆరవు. బట్టలు మూడు జతలు, ఒక్కొక్క జత ఒక్కొక్క పాలిథిన్ కవర్లో కట్టి పెడితే బ్యాగు తడిసినా బట్టలు తడవవు.

లైఫ్ జాకెట్టు

ఇది అద్దెకి దొరుకుతుందని నమ్ముకోవద్దు. పెద్దవాళ్ల సైజువి ఉంటాయేమో గానీ పిల్లలవి ఉండవు. ప్రతి పిల్లకీ సొంతంగా కొనండి. జాకెట్టు లోపల ఎన్ని కిలోలవాళ్లకో అచ్చేసి ఉంటుంది, వయసు చూసి కాకుండా ఆ అంకె చూసి తీసుకోవాలి. కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ ఉన్నదే ఎంచుకోండి.

సరిపోయిందో లేదో ఇలా చూడాలి. జాకెట్టు తొడిగి, ముందు బకిల్సు అన్నీ పెట్టి, కాళ్ల పట్టీ బిగించండి. పిల్లని చేతులు పైకెత్తమని, జాకెట్టు భుజాల దగ్గర రెండు చేతులతో పట్టుకుని మెల్లగా పైకి లాగండి. జాకెట్టు గడ్డం దాటి చెవుల దాకా వచ్చేస్తే అది వదులు. నీళ్లలో పడితే జాకెట్టు పైకి తేలుతుంది, పిల్ల కిందికి జారుతుంది. పక్క పట్టీలు బిగించి మళ్లీ లాగండి. గడ్డం కింద ఆగిపోవాలి. స్వెటరు వేసి సైజు చూసి, తరవాత స్వెటరు తీసేసి తొడిగితే మళ్లీ వదులవుతుంది, అందుకని ప్రతిసారీ చూడాల్సిందే. చేతులకి తొడిగే గాలి బుడగలు, టైరు ట్యూబులు ఆటవస్తువులు, వాటిని నమ్మి పిల్లని నీళ్లలో వదలకూడదు.

పంటు ఎక్కేముందే తొడగాలి, రేవులోనే. 2018 జూలైలో పశువుల్లంక దగ్గర గౌతమిలో బడిపిల్లలున్న పడవ, కడుతున్న వంతెన స్తంభానికి తగిలి తిరగబడింది. ఒడ్డు కనబడుతూనే ఉంది కదా, అయిదు నిమిషాల ప్రయాణమే కదా అని ఎవరన్నా జాకెట్టు లేకుండా ఎక్కొద్దు.

మూడు రోజుల దారి

మొదటి రోజు. హైదరాబాదు నుంచి వచ్చేవాళ్లకి నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్ రాత్రి ఎక్కితే పొద్దునకి నరసాపురంలో దింపుతుంది. స్టేషనులోనే పిల్లల మొహాలు కడిగించి, బాత్రూములు ముగించుకోండి. టిఫిను తిన్నాక ఆటోలో మాధవాయిపాలెం రేవు, అక్కడి నుంచి పంటు మీద వసిష్ఠ దాటి సఖినేటిపల్లి. పంటు మీదకి కార్లు, బైకులు, ట్రాక్టర్లు కూడా ఎక్కుతాయి. వాహనాలు ముందు ఎక్కి ఆగాక, ఇంజన్లు ఆపాక మనుషులు ఎక్కితే పిల్లలకి ఇబ్బంది ఉండదు. మధ్యలో నిలబడండి. ఫొటో తీయడానికి అంచుకి వెళ్లడం, గొలుసు మీద కూర్చోబెట్టడం చెయ్యొద్దు. ఒడ్డు తగిలేటప్పుడు పంటు ఒక్కసారి కుదుపుతుంది, చిన్నపిల్లలు ముందుకు తూలిపడేది అప్పుడే. ఆగే నిమిషంలో ప్రతి పిల్ల చెయ్యీ ఒక పెద్ద చేతిలో ఉండాలి. నీరు మరీ తక్కువున్నా, ఎక్కువున్నా పంటు తిప్పరు. అలాంటప్పుడు చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి రావాలి, దానికి ఆటో ఖర్చు ఉమ్మడి పర్సులో వేరే పెట్టుకోండి.

సఖినేటిపల్లి నుంచి అంతర్వేదికి ఆటోలో వెళ్లిపోండి. రోడ్డు మీద లారీల పక్కన పిల్లల్ని నడిపించడంలో ఏ సుఖమూ లేదు. మధ్యాహ్నం గదిలో పడుకోబెట్టి, మూడింటికి సముద్రం వైపు మొదటి నడక. బ్యాగులు గదిలోనే వదిలేసి, నీళ్లు, తువ్వాళ్లు, మందుల సంచి మాత్రం పట్టుకెళ్లండి.

రెండో రోజు పొద్దున మంచు విడిచాక లైట్‌హౌస్ వైపు, అన్నాచెల్లెళ్ల గట్టు వైపు నడవండి. నది వచ్చి సముద్రంలో కలిసేది అక్కడే. చూడడానికి నీళ్లు నెమ్మదిగా ఉన్నట్టే ఉంటాయి గానీ పోటు తీసే వేళకి నది నీరూ సముద్రం నీరూ కలిసి బయటికి లాగుతాయి, కాళ్ల కింద ఇసుక జారిపోతుంది. అక్కడ పిల్లలకి పాదాలు తడిసేదాకానే, చీలమండ దాటకూడదు. ఈత తెలిసిన పెద్దవాళ్లకీ అదే లెక్క. పదిగంటలకి బయల్దేరి దిండి చేరితే మధ్యాహ్న భోజనం అక్కడ. సాయంత్రం ఊరి కాలవ గట్టు మీద ముప్పావు కిలోమీటరు వెళ్లి, అంతే దూరం వెనక్కి రావాలి. వెళ్లిన గట్టునే తిరిగొస్తే మధ్యలో ఎవరు మొరాయించినా గది ఎంత దూరమో తెలుసు. గుండ్రంగా తిరిగొచ్చే దారులు పటంలో అందంగా కనిపిస్తాయి. మధ్యలో ఎక్కడో వంతెన బదులు ఒక కొబ్బరి మొద్దు అడ్డంగా వేసుంటుంది.

మూడో రోజు పి.గన్నవరం. వైనతేయ పాయ మీదుగా కాలవ నీళ్లని అవతలి ఒడ్డుకి దాటించే అక్విడక్టు ఉంది, డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. పైన కాలవ, కింద నది. ఏడేళ్ల పిల్లకి ఒక నీటి మీదుగా ఇంకో నీరు ఎలా పోతుందో అక్కడ నిలబెట్టి చూపిస్తే బళ్లో నెల రోజులు చెప్పినదానికన్నా బాగా ఎక్కుతుంది. ఆకలేసిన వాళ్లెవరొచ్చినా అన్నం పెట్టిన ఆవిడ సంగతి కూడా చెప్పండి. పిట్టగోడల దగ్గర పిల్లల్ని ఎత్తుకోవద్దు, పక్కన నిలబెట్టి నడుం పట్టుకోండి. అక్కడి నుంచి గట్టు మీద గంట నడిచి, బస్సులో రావులపాలెం మీదుగా రాజమండ్రి. రైలుకి మూడు గంటల ముందే చేరేలా బయల్దేరండి.

గట్టు మీద ఎలా నడవాలి

ముందొక మనిషి, వెనకొక మనిషి, నీళ్లవైపు ఒక మనిషి. నాలుగో మనిషి క్యారియరు మోసేవాళ్లు. పిల్లలెప్పుడూ గట్టుకి పొలంవైపు అంచున నడవాలి. అందరికన్నా నెమ్మదిగా నడిచే పిల్లని ముందు పెట్టండి. వెనక పెడితే ప్రతిసారీ అందుకోవడానికి పరిగెత్తాలి, అందరూ కూర్చుని లేచాక వచ్చి చేరుతుంది, దానికి విశ్రాంతే దొరకదు.

అరగంట నడక, పది నిమిషాలు కూర్చోవడం. కూర్చునేది కొబ్బరిచెట్టు కింద మాత్రం కాకూడదు. గాలి లేకపోయినా ముదురు కాయ, ఎండు మట్ట రాలతాయి. రావి, మర్రి, వేప, గుడి అరుగు, బస్టాపు, ఏదన్నా సరే. లాకులు, తూముల దగ్గర అసలు ఆగొద్దు. గేటు కింద నీరు సుడి తిరుగుతుంది, సిమెంటు అంచు పాచిపట్టి జారుతుంది, ఎక్కి రావడానికి పట్టు దొరకదు.

రొయ్యల చెరువుల గట్లు పిల్లలకి పనికిరావు. ఏరేటర్లకి వెళ్లే కరెంటు వైర్లు నేల మీదే పడుంటాయి, చెరువు అంచులు నిట్రంగా ఉంటాయి, కాపలా కుక్కలుంటాయి. చుట్టు తిరిగి వేరే దారిన వెళ్లండి. దాళ్వా చేలల్లో పురుగుమందు కొడుతున్న వాసన వస్తే అటు గాలి వీచే వైపు నుంచి తప్పుకుని, తినే ముందు పిల్లల చేతులు సబ్బుతో కడిగించండి. కుక్క కరిస్తే, గీరినా సరే, ధారగా నీళ్లు పోస్తూ సబ్బుతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు టీకా వేయించాలి.

నీళ్ల కాపలా

నీళ్లు కనబడే చోట ఆగితే చాలు, ఒక మనిషి కాపలాలో ఉండాలి. ఆ మనిషి భుజం మీద ఎర్ర తువ్వాలు. తువ్వాలు ఎవరి మీద ఉంటే వాళ్లు ఫోను ముట్టుకోకూడదు, వంట చూడకూడదు, కబుర్లలో పడకూడదు, కూర్చోకూడదు. ఇరవై నిమిషాలకి మార్చాలి. అంతకన్నా ఎక్కువైతే కళ్లు చూస్తూనే ఉంటాయి గానీ మనసు ఇంకెక్కడికో పోతుంది.

తువ్వాలు ఇచ్చేటప్పుడు నోటితో చెప్పి ఇవ్వాలి. "వదినా, నలుగురున్నారు. చిన్నాడు మెట్టు మీద, మిగతా ముగ్గురూ ఇసుకలో. ఇక మీరు చూడండి." తీసుకునేవాళ్లు పిల్లల్ని ఒక్కొక్కర్నీ కంటితో లెక్కపెట్టి, "నలుగురూ కనబడుతున్నారు, తీసుకున్నా" అన్నాకే మొదటి మనిషి తల తిప్పాలి. లెక్క ముగ్గురే వస్తే తువ్వాలు తీసుకోరు, ముందు నాలుగోవాడు దొరకాలి. మొదట్లో ఇది అతిగా అనిపిస్తుంది. రెండో రోజుకి పిల్లలే "తువ్వాలు ఎవరి దగ్గరుంది?" అని అడగడం మొదలెడతారు.

నీళ్లలో మునిగే పిల్ల కేకలు వెయ్యదు. నోరు నీళ్ల పైకి వచ్చే ఆ కాస్తలో ఊపిరి పీల్చుకోవడానికే సరిపోతుంది, అరవడానికి ఊపిరుండదు. చేతులు ఊపి పిలవదు కూడా. కాబట్టి చప్పుడు వినబడితే వెళ్దాం అనుకునేవాళ్లకి ఏమీ వినబడదు. గోల చేస్తున్న పిల్లలు ఒక్కసారి ఊరుకున్నారంటే వెంటనే చూడాల్సిన వేళ అదే.

పిల్ల పడిపోతే వెంటనే దూకొద్దు. ముందు తువ్వాలు, చీర, వెదురు కర్ర, చేతికందినది విసిరి లాగాలి. అందుకే నడకలో ఒకరి బ్యాగుకి 10 మీటర్ల నైలాను తాడు బయటివైపే కట్టి ఉంచండి. బయటికి తీశాక ఊపిరి ఆడకపోతే నోటితో అయిదుసార్లు ఊపిరి ఊది, తరవాత 30సార్లు ఛాతీ నొక్కడం, రెండుసార్లు ఊదడం, అలా 108 అంబులెన్సు వచ్చేదాకా. పొట్ట నొక్కి నీళ్లు కక్కించే పని పెట్టుకోవద్దు. ఈ పద్ధతి ప్రయాణానికి ముందే ఇద్దరైనా నేర్చుకుని రావాలి. దగ్గి తేరుకున్న పిల్లని కూడా ఆసుపత్రిలో చూపించాలి, ఊపిరితిత్తుల్లోకి నీరు పోయి ఉంటే కొన్ని గంటలకి ఆయాసం మొదలవుతుంది.

తిండి, మంచినీళ్లు

పెద్దవాళ్లకి రోజుకి 3 లీటర్లు, పిల్లలకి లీటరుంపావు. ఎనిమిదిమందికి 17 లీటర్లయింది. పొద్దునే 20 లీటర్ల టిన్ను ఒకటి తెప్పించుకుని సీసాలు నింపుకుంటే ఆ రోజుకి సరిపోతుంది. చెరువు నీళ్లు, చేతిపంపు నీళ్లు తాగొద్దు. తీరం దగ్గర చాలాచోట్ల బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. బొండాలు మధ్యాహ్నం ఒక్కొక్కరికి ఒకటి, కళ్లెదురుగా కొట్టించుకుని.

పొద్దున ఉప్మా చేసుకుంటే ఎనిమిదిమందికి అర కిలో రవ్వ. దారిలో తినడానికి పులిహోర ఒక్కటే నమ్మకం. 700 గ్రాముల బియ్యం, 70 గ్రాముల చింతపండు. సాయంత్రం దాకా పాడవదు. పెరుగన్నం మధ్యాహ్నంలోగా తినెయ్యాలి, కొబ్బరి పచ్చడి కలిపిన ఇడ్లీ పొట్లాలు రెండు గంటలు దాటితే పారెయ్యాలి. చక్కెరకేళి అరటిపళ్లు, మినప సున్నుండలు, అటుకులూ బెల్లం సంచిలో ఎప్పుడూ ఉండాలి. చలికాలంలో కాల్చిన తేగలు అమ్ముతారు. పెద్దపిల్లలకి పెట్టండి, నాలుగేళ్ల లోపువాళ్లకి మాత్రం పీచు గొంతుకి అడ్డంపడుతుంది. వేరుశెనగపప్పు కూడా వాళ్లకి పొడి చేసే పెట్టాలి. నడుస్తూ ఏదీ తినిపించొద్దు.

రాత్రి

టెంటు వేసుకోవాలనుకుంటే రైతుని అడిగి ఖాళీ కళ్లంలో వేసుకోండి, కొబ్బరితోటలో వద్దు, ఇసుకలో వద్దు, ఏటిగట్టు లోపలివైపు వద్దు. చిన్నపిల్లలున్న మొదటి ప్రయాణానికి గదే మంచిది. అంతర్వేదిలో దేవస్థానం గదులు, దిండిలో రిసార్టులు ఉన్నాయి. ముందే మాట్లాడుకుని పెట్టుకోండి.

అయిదున్నరకల్లా పొడుగు చేతుల చొక్కాలు, ప్యాంట్లు వేసేయాలి. దోమల క్రీము పెద్దవాళ్లు తమ చేతికి రాసుకుని పిల్లలకి పూయాలి. పిల్లల అరచేతులకీ కళ్ల దగ్గరా రాయకూడదు, ఆ చేతులు నోట్లోకే పోతాయి. దోమతెర అంచులు చాప కింద దోపండి. దోమలకే కాదు, కట్లపాము రాత్రి నిద్రపోతున్న మనిషి పక్కకి చేరుతుంది, దోపిన తెర దాన్ని కూడా ఆపుతుంది. బాత్రూముకి లేస్తే టార్చి వేసి, చెప్పులు దులిపి తొడుక్కోవాలి. పాము కరిస్తే గట్టిగా కట్టు కట్టడం, కొయ్యడం, పీల్చడం ఏవీ చెయ్యొద్దు. ఆ కాలో చెయ్యో కదలకుండా బద్ద పెట్టి, పిల్లని ఎత్తుకుని, 108కి ఫోను చేసి పెద్ద ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లాలి. అమలాపురం, రాజోలు, నరసాపురంలో ఉన్నాయి. ఏ రోజు ఎక్కడుంటామో, అక్కడికి దగ్గరది ఏదో ముందే రాసిపెట్టుకోండి.

మందుల సంచి

ఓఆర్‌ఎస్ పెద్ద ప్యాకెట్లు ఆరు, ఒక్కోటి లీటరు నీళ్లకి. సగం ప్యాకెట్టు గ్లాసులో కలపొద్దు, కలిపింది 24 గంటలు దాటితే పారబోయండి. థర్మామీటరు, బ్యాండేజీ, అయోడిన్ మందు, ముల్లు తీసే పట్టకారు, పిల్లల డాక్టరు రాసిచ్చిన అలర్జీ మందు.

పారాసిటమాల్ సిరప్ దగ్గర రెండు కుటుంబాల ప్రయాణంలో తప్పు జరిగే వీలుంది. 5 మి.లీ.లో 120 మి.గ్రా. ఉన్న సీసాలున్నాయి, 250 ఉన్నవీ ఉన్నాయి. 16 కిలోల పిల్లకి కిలోకి 15 మి.గ్రా. చొప్పున 240 మి.గ్రా. కావాలి. మొదటి సీసాలోంచి 10 మి.లీ., రెండోదాంట్లోంచి 5 మి.లీ.కి కాస్త తక్కువ. మొదటి సీసా కొలతని రెండో సీసాకి వాడితే మందు రెండింతలవుతుంది. అందుకని సంచిలో ఒకే రకం సీసా ఉంచి, ప్రతి పిల్ల బరువూ, మోతాదూ దాని మీదే ప్లాస్టరు అంటించి రాయండి. మందు వేసిన వెంటనే వేళ కూడా రాయాలి. తల్లి వేసిందని తెలియక ఆంటీ ఇంకోసారి వెయ్యడం ఇలాగే ఆగుతుంది. ఆరు గంటలు గడవకుండా మళ్లీ వెయ్యొద్దు.

ఇంటికొచ్చాక

లైఫ్ జాకెట్లు మంచినీళ్లతో కడిగి నీడలో ఆరేయండి, ఎండలో వేస్తే గుడ్డ పెళుసెక్కుతుంది. ఉమ్మడి పర్సు లెక్క అదే వారంలో చూసుకుని మిగిలింది పంచుకోండి. పిల్లల వేళ్ల సందుల్లో, మోకాళ్ల మీద గీరుకున్నచోట్ల ఎరుపు, వాపు ఉందేమో మూడు రోజులు చూడండి. రెండు మూడు వారాల్లో ఏ పిల్లకి జ్వరం వచ్చినా రెండో ఇంటికి వెంటనే ఫోను చేసి చెప్పండి. డాక్టరు దగ్గర "కాలవల దగ్గర, చేలల్లో తిరిగొచ్చాం" అని ముందే చెప్పాలి. డెంగీ, ఎలుక మూత్రం కలిసిన నీళ్ల వల్ల వచ్చే జ్వరం లాంటివి మొదట మామూలు జ్వరంలాగే ఉంటాయి, ఏ పరీక్ష చేయించాలో డాక్టరుకి ఆ ఒక్క మాటతో తెలుస్తుంది.